ఆరో మంచం మట్టెలు

తాజున్నీసా దుప్పటి పక్కకు తీసి, తడిగుడ్డతో ఆరో మంచం మీది దుర్గాంబ పాదాలు తుడిచింది. పంజాగుట్టలోని ఆ నర్సింగ్ హోంలో ఆమె పదహారేళ్లుగా ఆయా. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్ల ఒంటిమీది చిన్నాచితకా నగలన్నీ గాజుగుడ్డలో మూటకట్టి, ప్లాస్టర్ మీద మంచం నంబరు రాయించి, నీలం కోటు జేబులో దాస్తుంది. ఇన్నేళ్లలో ఒకరిది ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు. అదే ఆమె గొప్ప.

దుర్గాంబది అమీర్‌పేటలో మెస్. జావా అనీ శాప్ అనీ కంప్యూటర్ కోర్సులకు దిగిన పిల్లలకు నిలబడి వండీ వండీ మోకాలు అరిగి, మొన్న కొత్త కీలు వేయించుకుంది. నొప్పి తెలియకుండా మందు ఎక్కించడానికి వీపులో పెట్టిన సన్నగొట్టం నిన్న సాయంత్రమే తీశారు. రక్తం గడ్డకట్టకుండా పొట్టలో సూదులు వేస్తున్నారు. "కాళ్లు మొద్దుబారితే క్షణం ఆగకుండా చెప్పండి" అని మత్తు డాక్టరు వార్డులో అందరికీ చెప్పి వెళ్లాడు.

"మట్టెలు తొడిగెయ్ తాజూ. మా ఆయన క్యారేజీ తెచ్చేసరికి బోసికాళ్లతో ఏం బావుంటుంది?"

వాచిన వేళ్లకు మట్టెలు ఎక్కనని మొరాయించాయి. సబ్బు రాసి, తిప్పి తిప్పి నెట్టింది. చర్మం గీరుకుని ఎర్రబడింది.

"ఇంకా తొడగవేంటి?"

"ఎక్కిచ్చిన గదమ్మా."

"అయ్యో, తెలియనే లేదే!"

"మందు ఇంకా దిగలే. ఫికర్ చెయ్యకు."

అన్నదే గాని, గొట్టం తీసేశాక ఇంకా ఏం మందని ఆమెకే అనుమానమొచ్చింది. చెబుదామని సిస్టర్ నాగేశ్వరి కూర్చునే బల్ల దాకా వెళ్లింది. కిందటి వారం ఇలాగే ఏదో చెప్పబోతే, "నువ్వేమైనా డాక్టరువా?" అని నాగేశ్వరి అందరి ముందూ నవ్వింది. తాజున్నీసా దూది మాత్రం తీసుకుని వెనక్కి వచ్చేసింది.

పన్నెండింటికి నడిపించడానికి వచ్చినతను దుర్గాంబను లేపితే రెండు కాళ్లూ వేలాడిపోయాయి. మత్తు డాక్టరు పరుగెత్తుకొచ్చి అరికాళ్లు గీరి చూశాడు. వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కుతోందన్నాడు. వెంటనే తీయకపోతే కాళ్లు దక్కవన్నాడు.

"ఎప్పటినుంచి ఇలా? పొద్దున ఎవరు చూశారు?"

దుర్గాంబ ఒకసారి తాజున్నీసా మొహంలోకి చూసింది.

"ఇప్పుడేనండీ," అంది.

తాజున్నీసా వంగి ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దింది. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, పొద్దున చెప్పలేదన్న సిగ్గే తనను ఎక్కువగా ఆపింది.

బంజారా హిల్స్‌లోని పెద్దాసుపత్రికి పంపుతున్నామని, అక్కడ స్కానింగుకి ఒంటిమీద లోహం ఉండకూడదని అన్నారు. మట్టెలు మళ్లీ తాజున్నీసాయే తీసింది. ఈసారీ దుర్గాంబకు తెలియలేదు.

"జాగ్రత్త తాజూ, వచ్చి తొడిగించుకుంటా," అంది అంబులెన్సు ఎక్కిస్తుంటే.

నాలుగో రోజు ఆమె భర్త చక్రపాణి కాగితాల కోసం వచ్చాడు. ఆపరేషన్ చేశారట, ఇక నడవదట.

"పొద్దున్నే తెలిసుంటే కాళ్లు దక్కేవన్నారు," అని కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు మాత్రం బాగా చూశావంటుందమ్మా."

తప్పు నాదేనని చెప్పాలనుకుంది. "అల్లా..." అని ఆగిపోయింది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆయనకివ్వాల్సిన గాజుగుడ్డ మూట జేబులో ఆమె పిడికిట్లో అలాగే ఉంది: పైన చెమటకు అలుక్కుపోయిన ఆరు అంకె, లోపల సబ్బు ఎండి తెల్లబారిన వెండి మట్టెలు.