గాలిమాటకు బోర్డు

పొద్దున్నుంచీ ఇది ఆరో బోర్డు. ముందు రాసిన అయిదూ తేలికే. ఒక బాణం గుర్తు, దాని కింద "జీపు దారి" అన్న రెండు మాటలు. ఆరోది కొండ మొదట్లో, కాలిబాట మొదలయ్యే చోట పాతాలి. దాని మీద "దారి లేదు. కొండ విరిగింది" అని రాయాలి. నాలుగు గంటల బస్సు వచ్చేలోపు అయిపోవాలని లాడ్జి మేనేజరు అప్పటికి మూడుసార్లు వచ్చి చెప్పి వెళ్ళాడు.

పెయింటరు రేకును బండరాతికి ఆనించి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎండకి రంగు చిక్కబడిపోతోంది. ఏ బోర్డు మొదలుపెట్టినా ముందు కళ్ళు మూసుకుని చేతులు జోడించడం అతని అలవాటు. ఇవాళ అయిదుసార్లు జోడించాడు. ఆరోసారి ఎందుకో ఆ చేతులు దగ్గరికి వచ్చినట్టే వచ్చి విడిపోయాయి.

పక్కన టీకొట్టు దగ్గర జీపు డ్రైవరు ఆ కొట్టావిడకి చెబుతూనే ఉన్నాడు.

"మొన్న ఎక్కిన ఇద్దరూ దిగలేదత్తా. కొండ మింగేసింది."

"ఇద్దరా? పొద్దున నలుగురన్నావు."

"నలుగురే అనుకో. మూడో మలుపులో కొండ సగానికి సగం విరిగిందట."

"ఎవరు చూశారు?"

"మా బావమరిది స్నేహితుడు."

"వాడు కొండెక్కాడా?"

"వాడెందుకెక్కుతాడు? విరిగింది కదా!"

టీకొట్టావిడ పకపకా నవ్వింది. నవ్వి, మళ్ళీ ఎందుకైనా మంచిదని కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

రెండు రోజులుగా పెయింటరూ ఆ మాట వింటూనే ఉన్నాడు. కొండ మీదున్న పై ఊరు అతను పుట్టిన ఊరే. అక్క అక్కడే ఉంది. కాలిబాటన కొండెక్కే ట్రెక్కింగు వాళ్ళకి ఇంత వండి పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి బతుకుతోంది. పై ఊళ్ళో పదిహేను ఇళ్ళదీ అదే బతుకు. జీపు పై ఊరికి పోదు. కొండ చుట్టూ తిరిగి లాడ్జి గేటు ముందు ఆగుతుంది. మనిషికి మూడు వందలు.

అక్క ఎలా ఉందో కనుక్కుందామంటే పైన ఫోను పలకదు. వెళ్ళి చూసొద్దామంటే బోర్డులు ఇవాళే కావాలన్నారు. ఇవి నచ్చితే ఏడాది పొడుగునా లాడ్జిలో పని ఇస్తానని మేనేజరు మాటిచ్చాడు. "ఆయనకి ఎదురు చెప్పకు. ఎన్నాళ్ళకి దొరికింది పని," అని పొద్దున భార్య గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

నోటితో అన్న మాట గాలికి పోతుంది. రేకు మీద రాసిన మాటని మనిషి నమ్ముతాడు. ఇన్నేళ్ళూ తనకి తిండి పెట్టింది ఆ నమ్మకమే కదా అనుకున్నాడు పెయింటరు. నిజమో కాదో తెలియని మాట రాస్తే ఆ పాపం రాయించినవాడిదా, రాసినవాడిదా?

కుంచె ముంచాడు. "దారి" పూర్తయింది. చెయ్యి ఎత్తేసరికి పైన రాళ్ళు కదిలిన చప్పుడైంది.

అక్క దిగుతోంది. వీపున ఖాళీ గ్యాసు బండ.

"అక్కా! ఎలా వచ్చావు?"

"ఎలా ఏమిట్రా, ఎగిరొస్తానా? బాటనే."

"మూడో మలుపు?"

"ఏమైంది దానికి? వానకి రెండు రాళ్ళు దొర్లితే మీ బావ పక్కకి తోసేశాడు."

"ఇద్దరు మనుషులు పోయారంటున్నారు."

"ఆ పెద్ద సంచుల వాళ్ళా? పోయారు. మా ఇంట్లో కడుపునిండా తిని, కొండకి అటువైపు దిగి, బస్సెక్కి పోయారు. అటు దిగినవాళ్ళు మళ్ళీ ఇటెందుకొస్తారు?"

జీపు డ్రైవరు టీగ్లాసు బల్ల మీద పెట్టేసి జీపు వైపు నడిచాడు.

"రెండు రోజులై ఒక్క మనిషి ఎక్కలేదురా. వండిందంతా కోళ్ళపాలు. సంగతేమిటో చూద్దామని దిగాను." అక్క బండ దించి బోర్డు ముందుకొచ్చింది. ఆమెకి చదువు లేదు. "ఏం రాశావు?"

"దారి," అన్నాడు మెల్లగా.

ఆమె ముఖం విప్పారింది. "దారి అనా! తెలియకే రావట్లేదన్నమాట జనం. మంచి పని చేస్తున్నావు. కాస్త లావుగా రాయి నాయనా, దూరానికే కనబడాలి."

అతను తల దించుకున్నాడు.

బస్సు హారను వినిపించింది. రోడ్డు మీంచి మేనేజరు దాదాపు పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకా ఒక్క మాటేనా? కానీ, కానీ!"

"బాట బాగానే ఉంది సార్. మా అక్క ఇప్పుడే దిగింది."

"మీ అక్కకి అలవాటు. వచ్చేవాళ్ళకి అలవాటా? రేపెవరైనా జారితే నువ్వు పూచీయా?"

ఆ భయంలోనూ కొంత నిజం ఉందనిపించింది పెయింటరుకి.

"అయితే 'జాగ్రత్త' అని రాస్తాను సార్."

"నీ సలహా ఎవడడిగాడు? 'లేదు' అని రాయి."

పెయింటరు కుంచెను డబ్బా మీద అడ్డంగా పెట్టాడు.

"ఆ మాట నాకు రాదండి."

"రాదా? ఇరవై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నావు, రెండక్షరాలు రావా?"

"రావు సార్."

"ఏ మాట్రా అది?" అక్క ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

మేనేజరు తనే కుంచె అందుకుని రంగులో ముంచాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రేకు ముందు వంగిపోయి నిలబడ్డాడు. రంగు చుక్కలు చుక్కలుగా బూటు మీద పడుతోంది.

అప్పటికే బస్సు దిగినవాళ్ళలో ఇద్దరు, వీపున సంచులతో, ఇటే వచ్చేశారు. వాళ్ళలో అమ్మాయి బోర్డు చదివింది. తర్వాతి మాట కోసం ఒక్క క్షణం ఆగి, పెయింటరు వైపు తిరిగింది.

"ఇటు వెళ్ళొచ్చాండీ?"

వెనక జీపు స్టార్టయింది. పెయింటరు రంగు చేతులు చొక్కాకి తుడుచుకుంటూ లేచి, బాట వైపు ఒక అడుగు వేశాడు.