దుప్పటికి అవతలి కొస

దయ్యాలు చీకటి పడ్డాకే తిరుగుతాయని ఎవరు పుట్టించారో గాని, ఆ లాండ్రీలో దయ్యం మాత్రం పగటి షిఫ్టు చేసేది. ట్యూబులైట్లన్నీ వెలుగుతుండగా, ఆవిరికి అందరి ఒళ్ళూ చెమటతో తడిసిపోతుండగా, ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడి ఉండేది. బతికున్నప్పుడు కూడా ఆవిడ డ్యూటీ అక్కడే. చచ్చినా సెలవు దొరకలేదన్నమాట.

ఆ దయ్యాన్ని పుట్టించింది పెద్దక్క. వయసులో అందరికన్నా పెద్దది కాబట్టి అక్కడ అందరికీ పెద్దక్కే, ఆఖరికి ఆమెకన్నా జుట్టు నెరిసిన వాచ్‌మన్‌కి కూడా.

హోటళ్ళ నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేయడం ఆ లాండ్రీ పని. ఇస్త్రీ అంటే ఇంట్లో చేసుకునేది కాదు. నిప్పులా కాలే పెద్ద పెద్ద ఇనప రోలర్లు తిరుగుతుంటాయి. ఇద్దరు ఆడవాళ్ళు తడి దుప్పటికి చెరో కొస పట్టుకుని, బిగలాగి, అంచును రోలరుకి అందించాలి. ఒకరు "పట్టు" అంటారు. అంచు లోపలికి అందగానే ఇద్దరూ "వదులు" అనుకుని ఒక్కసారే వదలాలి. అవతలి మనిషి అనకుండా ఇవతలి మనిషి వదిలిందో, దుప్పటి ముడుచుకుని యంత్రం ఆగిపోతుంది, సూపర్వైజరు నోరు మొదలవుతుంది. అందుకే ఆ గదిలో ఎవరూ ఒంటరిగా వదలరు. అది వాళ్ళ చేతులకి పట్టేసిన అలవాటు.

పెద్దక్కకి అవతలి కొస పట్టింది ఏళ్ళ తరబడి ఒక్కర్తే. అందరూ ఆమెని వాగుడుకాయ అనేవాళ్ళు. పేరుకి తగ్గట్టే ఉండేది. తన బస్సు సంగతి, పక్కింటి కుక్క సంగతి, చెల్లెలి చదువు సంగతి, దుప్పటి దుప్పటికీ ఒక కబురు. రోలరు ముందు ఒక అడ్డుకడ్డీ ఉండేది. చెయ్యి దానికి తగిలితే చాలు, యంత్రం ఠక్కున ఆగిపోయేది. మాటిమాటికీ ఆగి పని నడవడం లేదని సూపర్వైజరు ఆ కడ్డీ పీకించేశాడు. వాగుడుకాయ ఊరుకోలేదు.

"సార్, ఆ కడ్డీ పెట్టించండి సార్. వేళ్ళు వేడికి కమిలిపోతున్నాయి. ఏదో ఒకరోజు చెయ్యే పోతుంది."

"నోరు తగ్గించి చెయ్యి ఆడించమ్మా, ఏం పోదు," అనేవాడు ఆయన.

పోయింది. ముందు చెయ్యి, తరవాత ఆసుపత్రిలో మనిషి. అంత చెప్పింది, చెవిన వేసుకున్న నాథుడు లేడు. ఆఫీసువాళ్ళు మాత్రం ఒక్క మాటలో తేల్చేశారు: అజాగ్రత్త. కబుర్లలో పడి చూసుకోలేదట. మర్నాడు గోడమీద కాగితం అంటించారు, "పని వేళల్లో మాట్లాడరాదు" అని. కాగితం వచ్చింది గాని కడ్డీ రాలేదు.

పెద్దక్క ఇంకొకామెని తోడు తీసుకుని మేనేజరు గదికి వెళ్ళింది. "యంత్రాల గురించి మీకేం తెలుసమ్మా?" అన్నాడాయన, తల ఎత్తకుండానే. తోడు వెళ్ళినామె గొంతు పెంచింది. మర్నాటి నుంచి ఆమెని రావద్దన్నారు. అంతటితో గదంతా నోళ్ళు మూతపడ్డాయి. పెద్దక్క పళ్ళు నూరుకుంటూ పని చేసేది.

అలాంటి రోజుల్లోనే, భోజనాల దగ్గర, కొత్తగా చేరిన ఒకామె అడిగింది, పెద్దక్క యంత్రానికి ఎడమవైపు, వాగుడుకాయ ఉండే చోట నిలబడమంటే అందరూ ఎందుకు జంకుతున్నారని. పెద్దక్క నోట్లోంచి మాట జారిపోయింది.

"అక్కడ ఇంకో మనిషి ఉందిలేవే. చెయ్యి దగ్గరికి తెస్తే చాలు, లోపలికి లాగేసుకుంటుంది."

కథ ఆగుతుందా! ఒకరు కాలిన వాసన వచ్చిందన్నారు, ఒకరు చెవిలో కబుర్లు వినిపించాయన్నారు. ఎడమవైపు నిలబడేవాళ్ళు కరువయ్యారు. సూపర్వైజరు మొదట నవ్వాడు, తరవాత చిందులు తొక్కాడు. కానీ ఎవర్ని తీసేస్తాడు? దయ్యానికి జడిసినందుకు తీసేశారని బయట పొక్కితే, ఆ దుప్పట్లమీద ఏ హోటల్లో ఎవరు పడుకుంటారు? కడ్డీ అడిగితే ఉద్యోగం ఊడింది. దయ్యమంటే మాత్రం ఆఫీసు ఆఫీసంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. ఎంత సిగ్గుమాలిన సంగతో చూడండి!

భయం పోగొట్టడానికి ఒక మేడమ్‌ని పిలిపించారు. "భయం మీ మనసులో ఉంది, యంత్రంలో లేదు. కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చండి," అంది ఆవిడ. అందరూ గట్టిగా బ్లీచింగు వాసన పీల్చి దగ్గారు. ఈవిడ మీద పెట్టిన ఖర్చులో ఇనప కడ్డీ రాదా అని పెద్దక్కకి ఒళ్ళు మండిపోయింది.

ఆ ఉపాయం పారకపోయేసరికి ఇంకోటి ఎత్తారు. వాగుడుకాయ చెల్లెలికి ఉద్యోగం ఇచ్చారు. మానవత్వమట! ఇంటికి అన్నం పెట్టిన అక్క పోయింది, పాపం ఆ పిల్ల చదువు మానేసి వచ్చింది. వేసింది ఎక్కడో తెలుసా? అదే యంత్రం, అదే ఎడమవైపు.

"సొంత చెల్లెల్ని దయ్యం ఏం చేస్తుంది చెప్పండి?" అన్నాడు సూపర్వైజరు ఇకిలిస్తూ. "మీ పెద్దక్క కథకి ఇదే మందు."

పెద్దక్క అల్లిన కథే ఆ పిల్లని ఆ రోలరు ముందు నిలబెట్టింది. ఆ పొద్దంతా తన కొస చూసుకోవడం మానేసి ఆ పిల్ల వేళ్ళే చూస్తూ పనిచేసింది.

మధ్యాహ్నం చెల్లెలు డబ్బా మూత తీయకుండా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మా అక్కని దయ్యాన్ని చేసింది మీరేనటగా?"

పెద్దక్క తల దించుకుంది.

"బల్లి కనిపిస్తే మంచమెక్కి అరిచేది మా అక్క. అది మనుషుల చేతులు లాగుతుందా? మీరైనా అలా ఎలా అన్నారు?"

"ఏం చెయ్యమంటావే తల్లీ," అంది పెద్దక్క. "బతికుండగా అది మొత్తుకుంటే ఒక్కడూ వినలేదు. దయ్యమయ్యాకే విన్నారు."

"వింటే విననివ్వండి. కథ మానమనడం లేదు నేను. కానీ తప్పు చెప్పారు. చెయ్యి లాగింది యంత్రం. మీ కథలో అది తప్పించుకుంది, నింద మళ్ళీ మా అక్క మీదే పడింది. ఆఫీసోళ్ళు ఒకసారి, మీరు ఒకసారి."

పెద్దక్కకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నిజమే. ఇన్నాళ్ళూ తను చెప్పింది ఆఫీసువాళ్ళ కథే.

"అయితే నువ్వే చెప్పు," అంది చివరికి.

చెల్లెలు లేచి నిలబడింది. గొంతు అచ్చం అక్కదే. "మా అక్క ఎవర్నీ లాగదు. దుప్పటికి అవతలి కొస పట్టుకుని నిలబడుతుంది, అంతే. మన చేతులు పోకూడదని. కడ్డీ పెట్టేదాకా వదులు అనదు." తినేవాళ్ళంతా చేతులాపి విన్నారు. ఆ మాటకి అర్థం ఎవరూ ఎవర్నీ అడగలేదు.

భోజనాలయ్యాక రోలర్లు తిరగడం మొదలైంది. పెద్దక్క, చెల్లెలు తడి దుప్పటి బిగలాగారు. "పట్టు," అంది పెద్దక్క. పట్టుకునే ఉన్నారు. పక్క యంత్రం దగ్గరా అంతే, దాని పక్కనా అంతే. గది నిండా ఆడవాళ్ళు దుప్పట్లు బిగలాగి నిలబడిపోయారు.

"ఏంటమ్మా ఇది? వదలండి!" అని సూపర్వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఆవిడ ఇంకా అనలేదు సార్," అంది పెద్దక్క.

"ఎవరు?"

"మా అక్క సార్," అంది చెల్లెలు.

"అందర్నీ ఇంటికి పంపిస్తాను! ఏమనుకుంటున్నారు?"

"మేం పని మానలేదుగా సార్. పట్టుకునే ఉన్నాం," అంది పెద్దక్క.

బయట హోటలు వ్యాను హారన్ కొడుతోంది. తడి దుప్పట్లు గుట్టలు పడుతున్నాయి. మేనేజరు కిందికి దిగొచ్చాడు. విషయం విని సూపర్వైజరు మీద మండిపడ్డాడు. "దయ్యం లేదు, గియ్యం లేదు! నువ్వే దుప్పటి పెట్టి చూపించవయ్యా వీళ్ళకి!"

చెల్లెలు పక్కకి జరిగి తన కొస సూపర్వైజరు చేతికిచ్చింది. ఆయన రెండడుగులు ముందుకు వేశాడు. రోలరు వేడి మొహానికి కొట్టింది. దుప్పటి అంచు ముందుకు చాచి, తన వేళ్ళకేసి చూసుకుని, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆయన జడిసింది దయ్యానికి కాదని గదిలో ప్రతి ఒక్కరూ చూశారు. మేనేజరు కూడా చూసి మొహం తిప్పుకున్నాడు.

కడ్డీ ఎక్కడికీ పోలేదు. స్టోరు గదిలో తలుపు వెనకే దుమ్ము కొట్టుకుని ఉంది. మేనేజరు కేకేస్తే మెకానిక్కు తెచ్చి బిగించాడు. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. పెద్దక్కకి ఏడుపు అప్పుడొచ్చింది. ఇంత చిన్న పనికా, ఇంత చిన్న పని చేయకా ఆ మనిషిని చంపేశారు! పైట చెంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ వచ్చి తన కొస పట్టుకుంది.

"ఇక సరేనా?" అన్నాడు మేనేజరు విసుగ్గా. "ఆవిడ వెళ్ళిపోయినట్టేనా?"

చెల్లెలు అటు గోడమీది కాగితం చూసింది, ఇటు ఆయన్ని చూసింది.

"అప్పుడే ఎక్కడికి సార్? ఆ కాగితం తీయించమంటోంది. అజాగ్రత్త అన్నది ఎవరో కూడా చెప్పమంటోంది. మా అక్క సంగతి మీకు తెలీదు, మొదలుపెడితే ఇక ఆపదు."