రద్దయిన పుస్తకం

నేను ఒక పల్చని చట్టం పుస్తకాన్ని. వికలాంగుల కోసం 1995లో కేంద్రం చేసిన చట్టాన్ని తెలుగులో నాలో అచ్చు వేశారు. నన్ను మొదట కొన్న లాయరు అట్ట మీద పేరు రాసుకున్నాడు గానీ లోపలికి తొంగి చూడలేదు. లాయర్లకు పుస్తకాలు ఎక్కువగా వెనక గోడకి అందానికే పనికొస్తాయి. ఆయన పోయాక పాత పుస్తకాల బండెక్కాను. 2017లో కొత్త చట్టం అమలుకొచ్చి నేను రద్దయ్యాను. బండివాడు నన్ను అడుక్కి తోసేశాడు.

అక్కణ్ణుంచి నన్ను వెతికి తీసినవాడు దేవసహాయం. మున్సిపాలిటీ నీళ్ల పంపుహౌసులో ఇరవై రెండేళ్లు మోటార్ల పక్కన పనిచేశాడు. ఆ రొదకే రెండు చెవులూ పోయాయి. చెవులు వినబడవని 2015లో ఉద్యోగం తీసేశారు. ఇలాంటి న్యాయం మనుషులకే తోస్తుంది.

ఇంటినిండా జనం ఉన్నా ఆయన ఒంటరి. రోజూ నన్ను ఒళ్లో పెట్టుకుని నలభై ఏడో సెక్షన్ పైకి చదివేవాడు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ఆ గొంతు ఆయనకే వినబడేది కాదు. వినేదాన్ని నేనొక్కదాన్నే.

ఉద్యోగం కోసం కేసు వేసి నన్నూ కోర్టుకి తీసుకెళ్లాడు. అక్కడ మున్సిపాలిటీ లాయరు లేచాడు.

"అయ్యా, వీళ్లు చూపించే చట్టమే ఇప్పుడు లేదండి. రద్దయిపోయింది."

నా ప్రాణం పోయినట్టయింది. నమ్ముకున్నవాణ్ణి నేనే ముంచాను. పాపం, దేవసహాయం అందరి మొహాలూ చూస్తున్నాడు.

ఆయన లాయరు నఫీసా తొణకలేదు. "ఈయన్ని తీసేసింది 2015లోనండి. ఆ రోజుకి ఈ చట్టం బతికే ఉంది. ఆ రోజు చేసిన తప్పుకి ఆ రోజు చట్టమే చూడాలి కదండీ."

నెల తర్వాత జడ్జిగారు తీర్పు చదివారు.

"ఏవన్నారమ్మా? నా ఉద్యోగం నాకిచ్చారా?" దేవసహాయం అరిచినంత గట్టిగా అడిగాడు.

నఫీసా నన్ను తెరిచి, 'తీసెయ్యకూడదు' అన్న మాట కింద వేలు పెట్టి తలూపింది. ఆయన నోరు తెరిచి ఏడ్చేశాడు.

ఆ సంబరంలో నన్ను బెంచీ మీదే మరిచిపోయాడు. నఫీసా తీర్పు కాపీ కోసం అప్పటికే వెళ్లిపోయింది.

"ఏవండోయ్, మీ పుస్తకం!" అటెండరు రెండుసార్లు కేకేశాడు. ఆయనకు వినబడలేదు.

అప్పట్నుంచీ కోర్టు బీరువా మీద దుమ్ములో ఉన్నాను. దేవసహాయం మళ్లీ ఈ గడప తొక్కకూడదనే కోరుకుంటాను. అందుకే నాకు ఎదురుచూడ్డానికి కూడా ఎవరూ లేరు.