లైనింగ్ వేసిన హెల్మెట్

మా ఆయన దర్జీ. మనిషిని గుమ్మంలో చూడగానే మెడ ఎంతో, నడుం ఎంతో, ఈ మధ్య ఒళ్ళు చేశాడో లేదో చెప్పేస్తారు. అంత కొలత తెలిసిన మనిషికి ఒకే ఒక్క సిద్ధాంతం ఉంది. వదులుగా ఉంటే బిగించుకోవచ్చు, బిగుతైతే ఏం చేస్తాం అని. చొక్కా విషయంలో ఇది నిజమే, కాదన్న పాపాన పోను. నా ఖర్మేమిటంటే లోకంలో ఉన్న ప్రతి వస్తువూ ఆయన కంటికి చొక్కాలాగే కనిపిస్తుంది. పిల్లకి చిన్నప్పటినించీ ఒక సైజు పెద్ద బూట్లే కొని ముందు దూది కూరారు. నా వేలి ఉంగరానికి ఈ రోజుకీ దారం చుట్టి ఉంది.

హెల్మెట్ దగ్గరా ఇదే తంతు. కుట్టిన బట్టలు బండి మీద తీసుకెళ్ళి ఇచ్చి రావడానికి ఎవరు వెళ్తే వాళ్ళకి పనికొస్తుందని కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్దది ఏరి తెచ్చారు. నల్లది. ఎక్కువగా వెళ్ళేది మా మరిది. అతనికి వదులైంది. అయితేనేం, ఇంట్లో మిషన్ ఉంది కదా. స్పాంజి పెట్టి, దాని మీద బూడిద రంగు మెత్తటి గుడ్డతో లైనింగ్ కుట్టారు. ఆ కుట్టు ఎంత పొందిగ్గా ఉండేదంటే, చూసినవాళ్ళు కంపెనీవాళ్ళే వేశారనుకునేవారు.

ఆ హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిన మరిది పోయినేడు రోడ్డు మీద పడ్డాడు. తల పగిలింది. హెల్మెట్ దొర్లుకుంటూ వెళ్ళి కాలవ గట్టు దగ్గర ఆగింది. దాని మీద ఒక్క బీట కూడా లేదు.

మళ్ళీ చెబుతున్నాను. తల పగిలింది, హెల్మెట్ పగల్లేదు. దీనికి అర్థమేమిటో పలక పట్టిన పిల్లాడైనా చెబుతాడు. పరామర్శకి వచ్చిన పెద్దమనుషులకి మాత్రం తట్టలేదు. హెల్మెట్ ఉండబట్టే ప్రాణం దక్కిందని ఒకరు. ఎంత గట్టిదో, చెక్కు చెదరలేదు చూడండని ఇంకొకరు. వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా ఆయన ఆ మాటలు నమ్మారు. నమ్మడం కూడా కాదు, మునిగేవాడు గడ్డిపరక పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఆ హెల్మెట్‌ని శుభ్రంగా తుడిచి మా దర్జీ కొట్లో మేకుకి తగిలించారు.

మరిది ఇప్పుడు రోజంతా కొట్లోనే ఉంటాడు. ఒకప్పుడు కోటు కుట్టడంలో అన్నని మించినవాడు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేడు. మాటకీ మాటకీ మధ్య ఆగి వెతుక్కుంటాడు. మూల స్టూలు మీద కూర్చుని, సరిచెయ్యడానికి వచ్చిన బట్టల పాత కుట్లు విప్పడం అతని పని. ఎంత నీటుగా విప్పుతాడో అని ఎవరైనా మెచ్చుకుంటే, వాళ్ళని మెడపట్టి గెంటాలనిపిస్తుంది నాకు.

ఇలా ఉండగా మా అమ్మాయికి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఇంటింటికీ తిరిగి రక్తం తీసి తేవాలి. అంటే రోజంతా బండి మీదే. రేపు పొద్దున చేరాలనగా, మా ఆయన ఆ నల్ల హెల్మెట్‌ని మేకు మీంచి దించారు. మధ్యాహ్నమంతా దానితోనే కూర్చున్నారు. పాత లైనింగ్ మీద మరో లైనింగ్. ఈసారి పిల్లకని గులాబీ రంగు.

"చూడవే, అచ్చు గుద్దినట్టు కుదిరింది," అన్నారు నన్ను పిలిచి.

"అది నా కూతురి తలకెక్కితే ఊరుకోను," అన్నాను.

"ఏం? నా తమ్ముడి ప్రాణం కాపాడింది అది."

"ఆ మూల కూర్చున్నాడు మీ తమ్ముడు. అతని ముందు ఆ మాట అనడానికి మీకు నోరెలా వస్తోంది?"

మరిది తలెత్తలేదు. ఒక ప్యాంటు కుట్టు విప్పుతున్నాడు.

"వదులుగా ఉంటే బిగించాను కదే. ఇంకేం చెయ్యమంటావు?"

"స్పాంజితో బిగిస్తే బిగుసుకుంటుందా? వేలు పెట్టి నొక్కితే దిగిపోతోంది. రోడ్డు నొక్కితే దిగదా?"

"నువ్వేమైనా ఇంజనీరువా?"

"మీరా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఎంతసేపని వాదిస్తాం. ఆయన మెడలోంచి టేపు లాక్కుని, పిల్లని వెంటబెట్టుకుని బయటికి నడిచాను. వెనకనించి ఏదో అన్నారు. వినదలుచుకోలేదు.

హెల్మెట్ల కొట్టు పెద్ద రోడ్డు మీద, టైర్ల కొట్టు పక్కన ఉంది. కొట్టాయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఆడవాళ్ళకా? ఆ మూలవి," అన్నాడు. ఆ మూలవాటన్నిటి మీదా పువ్వుల బొమ్మలున్నాయి.

"వీటి సైజులేమిటి?" అన్నాను.

"ఫ్రీ సైజండీ. ఎవరికైనా సరిపోతాయి."

"తలకాయలు ఫ్రీ సైజులో పుడుతున్నాయా ఇప్పుడు?"

అప్పుడు ఫోను పక్కన పెట్టాడు. నేను టేపు తీసి మా అమ్మాయి తల చుట్టూ వేశాను. కనుబొమ్మల కాస్త పైనించి, చెవుల మీదుగా, వెనక తల ఎక్కడ ఉబ్బుగా ఉంటుందో అక్కడి దాకా. మరిది ఆస్పత్రిలో ఉన్నప్పుడు, బయట బెంచీ ఎదురుగా గోడ మీద బొమ్మలతో ఒక కాగితం అంటించి ఉండేది. హెల్మెట్ ఎలా ఎంచుకోవాలని. చూడ్డానికి ఇంకేమీ లేక రోజూ దాన్నే చూశాను. ఇంత ఆలస్యంగానా నాకు కనబడ్డావని ఆ కాగితాన్ని కూడా తిట్టుకున్నాను.

నేను చెప్పిన కొలతకి ఒక సైజు పెద్దది తెచ్చి చేతిలో పెట్టాడు కొట్టాయన. పిల్ల దాన్ని పెట్టుకోగానే మొహం విప్పారింది.

"హాయిగా ఉందమ్మా. పెట్టుకున్నట్టే లేదు."

"పెట్టుకున్నట్టు లేకపోతే పెట్టుకోవడం దేనికి? తల ఇటు తిప్పు."

తల ఇటు తిరిగింది. హెల్మెట్ అటే చూస్తూ ఉండిపోయింది. తియ్యమన్నాను.

"అందరూ వదులుదే అడుగుతారండీ," అన్నాడు కొట్టాయన. "చెమట పట్టదు, చెవులు నొక్కవు. సరిగ్గా ఉన్నది అమ్మితే నాలుగు రోజుల్లో తెచ్చి నా మొహాన కొడతారు."

"మొహం ఉన్నవాళ్ళు తెచ్చి కొడతారు. లేనివాళ్ళ సంగతేమిటి?"

రెండోది కొలత ప్రకారమే తెచ్చాడు. అది నుదుటి మీద నొక్కింది. కాసేపుంచి తీసేసరికి నుదుటి నడుమ ఎర్రగా అచ్చు పడింది. మా పిల్లది కోల తల, వాళ్ళ నాన్న పోలిక. ఆ హెల్మెట్ లోపల గుండ్రంగా ఉంది. చుట్టుకొలత ఒకటే అయినా ఆకారం పడలేదు. బుగ్గల మెత్తలైతే వాడగా వాడగా సర్దుకుంటాయి గానీ నుదురు నొక్కేది ఎన్నటికీ సర్దుకోదని కొట్టాయన ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాటకి అతని మీద కోపం కొంచెం తగ్గింది.

మూడోది తలకెక్కేటప్పుడు చెవులు ఊడొస్తున్నాయని గోల పెట్టింది పిల్ల. జడ కిందికి జార్చి, పట్టీలు రెండూ పక్కలకి లాగి, మెల్లగా దింపాను. బుగ్గలు పైకి తన్నుకొచ్చాయి. మాట ముద్దగా వస్తోంది.

"అమ్మా, నోటినిండా ఏదో కుక్కుకున్నట్టుంది."

"నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు. అసహ్యంగా ఉంది."

"అసహ్యం పర్లేదు."

హెల్మెట్‌ని పక్కకి తిప్పాను. దానితోపాటు బుగ్గల చర్మం కూడా కదిలింది. గడ్డం కింద పట్టీ బిగించి, వెనక మెడ దగ్గర రెండు చేతులూ పెట్టి పైకెత్తాను. పిల్ల మునివేళ్ళ మీద లేచింది గానీ హెల్మెట్ ఊడలేదు. అప్పటికీ నా అనుమానం తీరలేదు. అక్కడే స్టూలు వేయించి, దాన్ని పెట్టుకునే కూర్చోమన్నాను. బేరాలు వచ్చిపోయాయి. అందరూ పిల్లని వింతగా చూశారు. అది నన్ను కొరకొరా చూసింది. చాలాసేపయ్యాక తీసి చూస్తే నుదుటి మీద మచ్చ లేదు, తలనొప్పీ లేదంది. అదే తీసుకున్నాం.

మా కొట్టుకి తిరిగొచ్చేసరికి మా ఆయన మిషన్ దగ్గర లేరు. గుమ్మంలో నిలబడి ఉన్నారు. నెత్తిన హెల్మెట్‌తోనే వచ్చింది పిల్ల. ఆయన దాని బుగ్గకీ మెత్తకీ మధ్య వేలు పెట్టబోయారు. దూరలేదు.

"పిల్లకి ఊపిరాడదు," అన్నారు. "సాయంత్రానికి తల పట్టుకుని కూలబడుతుంది. వెళ్ళి ఇచ్చేసి రా."

"ఇవ్వను."

"కొలత గురించి నాకు చెప్పకు. ఊళ్ళో ఎవరినైనా అడుగు."

అప్పుడిక నేను పట్టలేకపోయాను. "మీకు కొలత తెలుసు. తెలియనివారైతే నాకింత మండేది కాదు. బొత్తాం వెంట్రుకవాసి పక్కకి పోతే చొక్కా మొత్తం విప్పదీస్తారే, తలకాయ దగ్గరికి వచ్చేసరికి అంచనానా? ప్యాంటుకున్న పాటి విలువ లేదా మనిషి తలకి?"

ఆయన లోపలికి వెళ్ళారు. నల్ల హెల్మెట్ తెచ్చి, పిల్ల నెత్తిన ఉన్నది తీయించి, దీన్ని తనే పెట్టారు. గులాబీ రంగు లైనింగ్ చెవుల పక్కన కుచ్చులా కనిపించింది. పట్టీ కూడా ఆయనే పెట్టారు. కాలరు చూసినట్టు రెండు వేళ్ళు లోపలికి దూర్చి, అవి ఆడేంత వదులుంచారు. "తల ఊపు తల్లీ," అన్నారు. పిల్ల ఊపింది. హెల్మెట్ కదల్లేదు. ఆయన నావైపు చూశారు. ఆ చూపులో గెలుపు లేదు. కదలకూడదని బతిమాలుకుంటున్నట్టుంది. అది చూసి జాలి పడాల్సింది. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

వెనక్కి వెళ్ళి మెడ దగ్గర రెండు చేతులూ పెట్టాను. పైకెత్తాను. పాల మీద మీగడ వచ్చినట్టు వచ్చేసింది. మొదట పిల్ల కళ్ళ మీదికి జారింది, తర్వాత ముక్కు మీదికి, ఆ తర్వాత నా చేతుల్లోకి. పట్టీ పెట్టినట్టే ఉంది. పిల్ల నవ్వబోయి, వాళ్ళ నాన్న మొహం చూసి ఆగిపోయింది.

"అలాగే," అన్నాడు మరిది.

అందరం మూలకి తిరిగాం. అతను ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని హెల్మెట్ వైపే చూస్తున్నాడు.

"అలాగే... జారేది. కళ్ళ మీదికి." చెయ్యి నుదుటి దాకా ఎత్తి, ఏదో పైకి తోస్తున్నట్టు చూపించాడు. "ఒక చేత్తో... ఎత్తుకుంటూ ఉండేవాణ్ణి. ఆ రోజూ... ఎత్తుకుంటుంటే... గుంత."

మా ఆయన మిషన్ బల్ల పట్టుకున్నారు. 

"మరి నాకు చెప్పలేదేంరా?"

మరిది మాట కోసం వెతుక్కున్నాడు. దొరకడానికి ఎప్పటికన్నా ఎక్కువ సేపు పట్టింది.

"నువ్వు కుట్టావు కదా... అన్నయ్యా."

విన్నారా అని అడగాలని ఏడాదినించీ కాచుకుని ఉన్నాను. అడగలేదు. నా కోపం పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పుడు మరిది మీద కూడా వచ్చింది. అన్న కుట్టాడని కళ్ళు మూసే దాన్ని నెత్తిన పెట్టుకుని తిరగమని ఎవరు చెప్పారు అతనికి? ఒక్కసారి, వదినా ఇది జారుతోంది అని నాతో అంటే, ఆ రోజే దాన్ని కాలవలో పారేసేదాన్ని కదా.

మా ఆయన నా చేతిలోంచి నల్ల హెల్మెట్ తీసుకున్నారు. తమ్ముడి దగ్గరికి వెళ్ళి, ఒళ్ళోని ప్యాంటు తీసేసి, దాన్ని అక్కడ పెట్టారు.

"విప్పరా," అన్నారు.

మరిది విప్పాడు. ముందు గులాబీ రంగుది, తర్వాత దాని కింది బూడిద రంగుది. గుడ్డ ఎక్కడా చిరగనివ్వలేదు. స్పాంజి ముక్కలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. మా ఆయన పక్కనే నిలబడి చివరి కుట్టు దాకా చూశారు.

తర్వాత కొత్త హెల్మెట్ తీసి పిల్ల తలకి పెట్టారు. చెవుల దగ్గర తడబడ్డారు గానీ నన్ను పిలవలేదు. గడ్డం కింద పట్టీ పెట్టి, అలవాటుగా రెండు వేళ్ళు దూర్చారు. ఆగారు. ఒక వేలు బయటికి తీసి, మిగిలిన వేలి మీదికి పట్టీ ఇంకాస్త లాగారు.

"బిగుతుగా ఉందా తల్లీ?"

"బిగుతుగానే ఉంది నాన్నా."

"ఉండనీ," అన్నారు.