అరచేతి కింద అక్షరం

మొదట రాలింది 'క'.

మణెమ్మ బడి మెట్లు ఊడుస్తుంటే వెనక టప్పుమని చప్పుడైంది. తిరిగి చూసేసరికి జానెడు పొడవు టేకు అక్షరం మెట్టు మీద వెల్లకిలా పడి ఉంది. తలుపు పైన గోడలో కూర్చిన నల్ల పలకరాయి మీద 'బాలి' తరవాత ఖాళీ. నిన్న సాయంత్రమే ఆమె మొగుడు సుందరరాజు ఎనిమిది అక్షరాలనూ ఒక్కొక్కటిగా అతికించి, నిచ్చెన దిగి, ఆమె చేత చదివించుకున్నాడు. 'బాలికల పాఠశాల.' అయిదో తరగతిలోనే ఆమె బడి మానిపించి పెళ్ళి చేశారు గానీ చదవడం మాత్రం ఆమెకు మిగిలింది. ఆయనకు సంతకం వరకే వచ్చు.

ఆమె వంగి 'క'ను తీసేలోపల 'ఠ' కూడా వచ్చి పడింది. అంచు సొట్టపోయింది.

కిటికీ ఊచలకు కట్టిన చీర ఉయ్యాలలో పాప ఉలిక్కిపడి లేచింది. లేస్తూనే దగ్గు. ఎనిమిది నెలల పిల్లకు ఆ దగ్గు ఎక్కడి నుంచి వస్తుందో అన్నంత లోతు నుంచి వచ్చింది. మణెమ్మ చీపురు పడేసి పోయి వీపు రుద్దింది. "ఊరుకో రూతమ్మా, ఊరుకో. అయిపోతుందిలే" అంది. ఏది అయిపోతుందో ఆమెకే తెలీదు.

వాళ్ళ కాపురం చెన్నకేశవులు గారి పలకల కార్ఖానాలోనే, రాయి కోసే చోటికి పది బారల దూరంలో ఉన్న కొట్టంలో. బూడిదరంగు దుమ్ము అన్నం మీద, నీళ్ళ మీద, పాప కనురెప్పల మీద పేరుకునేది. కడిగిన గుడ్డ ఆరేలోపల మళ్ళీ మాసేది. కంభం ఆస్పత్రిలో కాంపౌండరు పాప రొమ్ము మీద చెవి పెట్టి విని, "మందు ఇస్తా గానీ, దుమ్ములో ఉన్నన్నాళ్ళూ ఇది పోదమ్మా" అన్నాడు. దుమ్ములో కాక ఎక్కడ ఉండాలి? ఆ ఒక్క మాటా ఆయన చెప్పలేదు.

చెప్పినవాడు ఏబేలు అయ్యగారు. ఆడపిల్లలకు మిషను వాళ్ళు కొత్తగా కట్టిన ఈ బడికి ఆయనే పెద్ద. బడి వెనక ఒక గది ఉంది, రెండు పక్కలా కిటికీలు. బడిని కనిపెట్టుకుని, మరమ్మతులు చేసుకుంటూ ఆ గదిలో ఉండడానికి ఒక మనిషి కావాలి. "శుక్రవారం నాలుగింటికి దొరసాని గారు వచ్చి బడి తెరుస్తారు. అప్పటికి నీ బోర్డు ఒక్క వంకా లేకుండా నిలిచిందా, గది నీది" అన్నాడు సుందరరాజుతో. ఆ మాట విన్న రోజు నుంచి మణెమ్మ కళ్ళు మూసుకుంటే ఆ రెండు కిటికీలే.

ఇవాళే శుక్రవారం. పొద్దు ఇంకా బారెడైనా ఎక్కలేదు.

సుందరరాజు వచ్చి చూసి నిలబడిపోయాడు. ఆయన చూస్తుండగానే 'లి' జారింది. పలకరాయికి మేకు కొట్టే వీలు లేదు. కొడితే పొరలు పొరలుగా విచ్చుకుపోతుంది. ఆ సంగతి ఆ ఊళ్ళో పుట్టిన ఏ పిల్లవాడికైనా తెలుసు. అందుకే అక్షరాలు కోసిచ్చిన వడ్రంగి గోవిందయ్య దగ్గరే, తోళ్ళు ఉడకబెట్టి తీసిన బంక కూడా తెచ్చాడు.

"బంకలో ఏందో కలిపినాడు ముసలాయన" అన్నాడు పళ్ళు నూరుతూ. "ఈడనే ఉండు. పోయి పిల్చుకొస్తా."

ఆయన పోయాక మణెమ్మ 'క'ను తిప్పి చూసింది. బంకంతా అక్షరం వీపునే పట్టుకుని ఉంది, చల్లారిన పాల మీద మీగడలాగ చెక్కుచెదరకుండా, నున్నగా. నిచ్చెన ఎక్కి రాయిని చూసింది. బంక అంటిన జాడే లేదు. వేలు పెట్టింది. వేలు జారింది.

ముక్కు దగ్గర పెట్టుకుంది. అక్కర్లేదు, ఆ వాసన ఆమె చేతులకు ఎప్పుడూ ఉండేదే. ఆముదం.

గబగబా ఆ వేలు కొంగుకు తుడుచుకుంది.

కార్ఖానాలో ఆడవాళ్ళ పని అదే. కోసి అరగదీసిన పలకలకు ఆముదం గుడ్డతో ఒక చుట్టు తుడవడం. తుడిస్తే బూడిద రాయి నల్లగా నిగనిగలాడుతుంది, బడిపిల్లలు మోజుపడతారు. మంగళవారం ఈ పెద్ద రాయి బండికెక్కే ముందు కార్ఖానా వాకిట్లో పడుకోబెట్టి ఉంది. చూస్తే పాలిపోయి, జబ్బు మనిషి మొహంలా కనిపించింది. దొరసాని చూసే రాయి, తమ గదిని తెచ్చే రాయి ఇట్లా ఉంటే ఎట్లా అనుకుంది. ఎవరూ లేని వేళ చూసి గిన్నెడు ఆముదం పోసి, ఒక చుట్టు కాదు, మూడు చుట్లు, తన మొహం తనకు కనిపించేదాకా రుద్దింది. కార్ఖానా ఆముదం అడగకుండా వాడింది కాబట్టి ఎవరితోనూ అనలేదు. "ఏం నలుపే ఈ రాయి!" అని సుందరరాజు మురిసిపోతే లోలోపల తనూ మురిసింది.

మూడు చుట్లు. రాయి తాగినంత తాగింది. ఇప్పుడు గోడ ఎండకు వేడెక్కి, తాగినది తిరిగి కక్కుతోంది.

చెప్పాలి, ఆయన రాగానే చెప్పేయాలి అనుకుంది. కానీ వచ్చినవాళ్ళు కేకలేసుకుంటూ వచ్చారు.

"నా బంకను అంటుండావా రా? ముప్పై ఏండ్లాయ నేను వడ్రంగి పట్టెడ పెట్టి. మార్కాపురంలో నా బంక ఊడిన తలుపు ఒకటి చూపీ!" గోవిందయ్య బంక చట్టిని, దాని కింది కుంపటిని మెట్టు మీద పెట్టి, ఎప్పటిలాగే అంటు తగలకుండా నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"తలుపెందుకు మామా, అదో బోర్డు చూడు. నీ బంక నీకే నవ్వొస్తది."

"పల్చగా పూసింటావు."

"మందంగా పూసినా."

"అయితే చెయ్యి పట్టలేదు. పూసినాక వంద లెక్కబెట్టేదాకా అదిమి పట్టాల. పట్టినావా?"

సుందరరాజు భార్యను చూసి, "ఏమే, ఎక్కు. నువ్వు అదిమి పట్టు, నేను పూసి ఇస్తా. ఈసారి రెండొందలు లెక్కబెడదాం" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. అప్పటికే వేడి బంక పూసిన 'క' చేతికొచ్చింది. ఎక్కింది. ఎడం చేత 'క', కుడి చేత 'ఠ', రెండు చేతులూ చాచి రాయికి కరుచుకుని నిలబడింది. ముక్కుకు గోడ తగులుతోంది. వెనక ఏం జరుగుతోందో కనబడదు, వినబడుతుంది. ఒకటి, రెండు, మూడు.

కింద రూతు ఏడుపు మొదలుపెట్టింది.

డెబ్బై దగ్గర ఏబేలు అయ్యగారి చెప్పుల చప్పుడు వినిపించింది. "ఏంది సుందరరాజూ ఇది? ఇంకా నిచ్చెన తియ్యలేదే?"

"అయ్యగారూ, నా పనిలో లోపం లేదు. బంక మంచిది కాదు."

"చూస్తే తెలుస్తానే ఉండాది. గోవిందయ్యా, నలభై బెంచీల పని నీకిద్దామనుకున్నా. ఎనిమిది అక్షరాలు నిలబెట్టలేని బంకతో పిల్లకాయలు కూర్చునే బెంచీలు చేస్తావా? ఆ పని కంభం వాళ్ళకు పోతది. సుందరరాజూ, నీ తప్పేం లేదులే. గది సంగతి నేను మర్చిపోను."

తొంభై తరవాత ఎంతో మణెమ్మకు గుర్తు రాలేదు.

గది. రెండు కిటికీలు. ఊరుకుంటే చాలు, తప్పు బంకదైపోతుంది. వెనక, ఇంతసేపు అరిచిన గోవిందయ్య సామాను సర్దుకుంటున్నాడు. కుంపటి ఎత్తుతున్న చప్పుడు వినిపించింది, ఇనుప కాళ్ళు బండ మీద ఈడ్చిన చప్పుడు.

అరచేతుల కింద రెండు అక్షరాలూ కదిలాయి. జారాలని చూసే చేపల్లా కదిలాయి. ఎంత అదిమితే అంత. చెయ్యి తీస్తే పడతాయి. తీయకపోతే తను ఇక్కడే ఉండాలి, పాప అక్కడే ఏడవాలి. ఏడుపు దగ్గులోకి తిరిగింది. దగ్గుకూ దగ్గుకూ మధ్య పాప ఊపిరి పీల్చే చప్పుడు కోసం చెవి రిక్కించింది. రాలేదు. రాలేదు. వచ్చింది.

"బంకది కాదు అయ్యగారూ!" గోడకే చెప్పినట్టు అరిచింది. "రాయికి నేను ఆముదం రాసినా."

పోతున్న గోవిందయ్య అడుగులు ఆగాయి.

"మంగళారం రాసినా. మూడు చుట్లు. కార్ఖానా ఆముదమే. మామ బంక మంచిదే."

"ఏందే?" అన్నాడు సుందరరాజు.

ముందు తేరుకున్నది గోవిందయ్య. "తలంటు పోసినావా అమ్మాయీ రాయికి? సీకాయ కూడా రుద్దకపోయినావా, జిడ్డన్నా వదిలేది!" కోపంగానే అన్నాడు గానీ చివర్లో గొంతు నవ్వులోకి జారింది. ముప్పై ఏళ్ళ పేరు తిరిగొచ్చిన మనిషి నవ్వు అది. అంతలోనే కుంపటి కింద పెట్టి, "దిగు. నిలబడితే కాదు. ఇసకరాయి తెండి, బూడిద తెండి, మసిలే నీళ్ళు తెండి. అక్షరం కూర్చునే చోటల్లా తెల్లగా వచ్చేదాకా అరగదియ్యాల" అన్నాడు.

"నాలుగింటికి దొరసాని గారు..." అన్నాడు ఏబేలు అయ్యగారు.

"ఈ మాటలు మాట్లాడే లోపల ఒక అక్షరానికి చోటు అరుగుతది అయ్యగారూ."

సుందరరాజు, మణెమ్మ మార్చి మార్చి నిచ్చెన ఎక్కి అరగదీశారు. ఇద్దరి మధ్యా రాయి అందుకోవడం, అందివ్వడం, అంతే. రాయి మీంచి అదే బూడిదరంగు దుమ్ము లేచింది. కార్ఖానా దుమ్ము కొత్త బడికి కూడా వచ్చేసింది. అది కళ్ళలో పడుతుంటే ఆమె కిందికి చూసింది. ఉయ్యాల ఖాళీగా ఉంది. గబుక్కున నిచ్చెన రెండు మెట్లు దిగింది. దూరంగా ఎదురింటి నీడలో, ఎప్పుడూ నాలుగడుగుల అవతలే నిలబడే గోవిందయ్య, రూతును భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అరిగిన చోట బంక పట్టింది. 'బా' పట్టింది, 'లి' పట్టింది. రెండొందలు లెక్కబెట్టి చెయ్యి తీస్తే అక్షరం గోడలోంచి మొలిచినట్టు నిలిచింది. ఏడు నిలిచాయి. చివరి 'ల' చోటు సగం అరిగేసరికి వీధి మొన నుంచి స్టేషను జట్కా గంటలు వినిపించాయి.

"పెట్టెయ్, పెట్టెయ్!" అన్నాడు ఏబేలు అయ్యగారు.

పెట్టి అదిమింది. వంద లెక్కబెట్టి చెయ్యి కొంచెం వదులు చేసింది. జారింది. మళ్ళీ అదిమింది. "దిగు మణెమ్మా" అన్నాడాయన. "దిగితే పడతది అయ్యగారూ" అంది. జట్కా వచ్చి ఆగింది.

దొరసాని బడి తెరిచినంతసేపూ మణెమ్మ తలుపు పక్కన నిచ్చెన మీద, అందరికీ వీపు పెట్టి, గోడకు చెయ్యి పెట్టి నిలబడింది. ప్రార్థనలో అందరూ తలలు వంచితే ఆమె మాత్రం తల ఎత్తి ఉంది. ఆడపిల్లలు పాట పాడారు. ఎవరో కిసుక్కుమన్నారు, "ఆమె ఏంది, బల్లి మాదిరి!" అని. దొరసాని ఏదో అడిగింది, అయ్యగారు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు, ఇద్దరూ నవ్వారు. చెమట మోచేతి దాకా కారింది. భుజం మొద్దుబారి, చెయ్యి తనది కాదనిపించింది. దూరంగా దగ్గు వినిపించింది. తన పాపదే. పోయి ఎత్తుకోలేదు.

జట్కా వెళ్ళిపోయాక గోవిందయ్య నిచ్చెన కిందికి వచ్చి, "ఇంక తియ్యమ్మా" అన్నాడు.

ఒక్కో వేలే తీసింది. 'ల' నిలిచింది. అరచేతిలో ఎర్రగా దాని అచ్చు, తిరగేసి పడి ఉంది.

ఏబేలు అయ్యగారు మెత్తగానే మాట్లాడాడు. "నిజం చెప్పినావు, మంచిదే. కాని రాయి లోపల నూనె ఉండాది, వానకు ఏమైతదో. తొలి వాన పడనీ. ఎనిమిదీ నిలిస్తే గది మీది. ఒక్కటి రాలినా నేను దొరసాని గారికి ఏం మొహం చూపేది?"

గోవిందయ్య అక్షరాల అంచుల వెంబడి మైనం కరిగించి పూశాడు. తోలుబంకకు నీళ్ళు పడవని ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలుసు కాబట్టి.

కార్ఖానాకు తిరిగొచ్చేసరికి కొట్టం గుంజకు ఆముదం గుడ్డ వేలాడుతోంది. కింద తుడవాల్సిన పలకల దొంతర. దారి పొడుగునా మాట్లాడని సుందరరాజు దాన్ని చూసి, "వీటికి పొయ్యవే, ఎంత పోసుకుంటావో" అన్నాడు. అది కోపమో ఎగతాళో ఆమెకు తెలియలేదు. పాపను పడుకోబెట్టి గుడ్డ తీసుకుంది.

రోహిణి కార్తె పోయింది, మృగశిర వచ్చింది. రోజూ పొద్దున్నే పాపను చంకనేసుకుని బడి దాకా పోయి, తలెత్తి ఎనిమిదీ లెక్కబెట్టి వచ్చేది. ఎనిమిది అయితే ఇంకో రోజు. ఒకనాటి మధ్యాహ్నం నల్లమల మీద మబ్బు కమ్మింది. పెద్దారవీడు నుంచి జొన్నలు తెచ్చిన రైతులు బండ్లు ఆపి దండాలు పెట్టారు. "రావే తల్లీ, రెండేండ్లాయె!" అని ఒక ముసలమ్మ కొంగు చాచి నిలబడింది. చల్లని గాలి కొట్టింది. నాలుగు చినుకులు దుమ్ములో పడ్డాయి.

మణెమ్మ కొట్టం గుమ్మంలో పాపను కరుచుకుని నిలబడింది. అరచెయ్యి గోడకు ఆనించి, తెలియకుండానే అదిమి పట్టి, లెక్కబెడుతోంది.

మబ్బు తూర్పుకు జరిగి, విరిగి, పోయింది. ముసలమ్మ కొంగు దులుపుకుని ఏడ్చింది. రైతులు ఆకాశాన్ని తిట్టుకుంటూ బండ్లు తోలుకున్నారు.

మణెమ్మ గోడ మీంచి చెయ్యి తీసింది. ఊరంతా దిగులుపడిన వేళ తన గుండె తేలికైనందుకు సిగ్గుపడి, ఎవరైనా చూస్తారేమోనని మొహం పాప మెడలో దాచుకుంది. పాప దగ్గింది.