రికార్డుగది తాళంకప్ప

కాగితాల కట్ట మీద దుమ్ము దులిపి, నాడాతో రెండు చుట్లు చుట్టి, పళ్ళతో పట్టి ముడి బిగించాడు తాళంకప్ప. చేతులుండగా పళ్ళెందుకయ్యా అంటే జవాబు చెప్పే మనిషి కాదు. అసలు ఏది అడిగినా చెప్పే మనిషి కాదు. నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళు లోకంలో కోకొల్లలు. ఈయన నోట్లో వేసిన నువ్వుగింజ నాని, మొలకెత్తి, పూత పూసి, గానుగాడేంత పంట పండినా ఒక్క గింజ బయట పడదని ఆఫీసు ముందు టీకొట్టువాడు ఒట్టేసి చెప్పేవాడు. తాళంకప్ప అన్న పేరు పెట్టిందీ వాడే.

తుపాకీ లైసెన్సుల రికార్డుగది ఆయన రాజ్యం. గోడల పొడుగునా ఇనుప బీరువాలు, చెదలమందు వాసన, తలమీద ఒకే ఒక్క బల్బు. ఏళ్ళ తరబడి కాగితాలు తిప్పీ తిప్పీ ఆయన వేళ్ళ కొసలు కూడా పాత కాగితం రంగు తేలాయి. ఎవరింట్లో తుపాకీ ఉందో, ఎవరింట్లో లేదో ఆయనకు తెలుసు. పిల్లనివ్వబోయే వాళ్ళూ, పొలంగట్టు తగాదాల వాళ్ళూ వచ్చి ఎంత గోకినా, ఉన్నవాడి గురించి అడిగినా లేనివాడి గురించి అడిగినా ఒకటే మాట. "చెప్పకూడదండీ." అదీ ఒకే గొంతుతో. గొంతు తేడాను బట్టి కూడా ఎవరూ పసిగట్టకూడదని ఆయన పట్టుదల.

ఇంట్లోనూ అంతే. పెళ్ళి చేసుకోలేదు, అక్క వండిపెడుతుంది. ఆ పొద్దున ఆవిడ గరిటె పట్టుకుని నిలదీసింది. "ఉప్పు నిండుకుందని నిన్ననే చూశావటగా! చెప్పొచ్చు కదరా తమ్ముడూ, అది కూడా సర్కారు రహస్యమేనా?" ఆయన చప్పటి కూర తిని బయల్దేరాడు.

అలాంటి మనిషి కూర్చున్న గదికి ఆవేళ కిటికీ తెరిచారు. దానికి కారణం లేకపోలేదు. ఆమధ్య ఒకడు గోడ తగాదాలో పక్కింటి అన్నదమ్ములిద్దరినీ కాల్చి పారేశాడు. వాడింట్లో తుపాకీ ఉందని వీధిలో ఒక్కరికీ తెలియదు. "తెలిసుంటే మా పిల్లల్ని ఆ గుమ్మం తొక్కనిచ్చేదాన్నా?" అని చచ్చినవాళ్ళ తల్లి ఈ ఆఫీసు మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. న్యాయమైన ఏడుపే. తెలిసినవాడు ఒక్కడున్నాడు, తలుపు వెనక నిలబడి ఆ ఏడుపు విన్నాడు, ఆ రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చివరికి సర్కారువారు ఎవరికి ఏ అడ్రసులో లైసెన్సు ఉందో ఎవరైనా వచ్చి ఆ కిటికీ దగ్గర చూసుకోవచ్చన్నారు.

ఆ ఆర్డరు నెల ముందే సీలు కవరులో వచ్చింది. గడువు లోపల తుపాకీ అప్పగించిన వాళ్ళ కాగితం కట్టలోంచి తీసేస్తామని అందులో ఒక ముక్క ఉంది. "ప్రకటించేదాకా పొక్కకూడదు," అన్నాడు ఆఫీసరు. అని, సాయంత్రానికల్లా సొంత బావమరిది చెవిన వేశాడు. టైపిస్టు తన మేనమామకు చెప్పుకున్నాడు, జవాను తన వియ్యంకుడికి చెప్పుకున్నాడు. వాళ్ళంతా తుపాకులిచ్చేసి చేతులు దులుపుకున్నారు. తాళంకప్ప మాత్రం పెదవి విప్పలేదు. రహస్యాలన్నీ బజారున పడబోతున్నాయన్న సంగతిని కూడా రహస్యంగానే దాచిన మహానుభావుడు ఆయన.

చెప్పుకోవడానికి ఆయనకూ ఒక మనిషి ఉంది. గొడుగులమ్మ.

ఆఫీసుకు వెళ్ళే దారిలో ఒంటిగదిలో ఉంటూ గొడుగులు బాగుచేస్తుందావిడ. మొగుడి వల్ల ప్రాణభయం ఉందని ఆవిడ తుపాకీకి పెట్టుకున్న దరఖాస్తు ఏనాడో ఆయన చేతిమీదుగానే కట్టలోకి చేరింది. అన్నయ్యా అనడానికి ఆవిడకు మనసొప్పలేదు, ఏమండీ అంటే వీధి ఊరుకోదు. అందుకని "ఆఫీసుగారూ" అనేది. ఎండాకాలంలో కూడా గొడుగు ఊచలు విరిగే మనిషి లోకంలో ఆయనొక్కడే. విరగకపోతే ఆయనే విరిచేవాడు. ఈ నెలరోజులూ చెబుదామనే ఆ గడప దగ్గర ఆగాడు. ఆగిన ప్రతిసారీ నోటికొచ్చింది, "పిడి వదులైందమ్మా" అన్న మాటే. అలా గడువు దాటిపోయింది.

కిటికీ తెరవగానే టీకొట్టువాడే ముందు దూరాడు. కట్ట తిరగేసి నెత్తి కొట్టుకున్నాడు.

"మా వెనకింటి మేష్టారి దగ్గర తుపాకీ లేనేలేదా! ఉందేమోనని పదేళ్ళుగా నమస్కారాలు పెట్టి చచ్చాను గదండీ!"

వరసలో అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా మనిషొకడు కిటికీ ముందుకొచ్చాడు. చాలా మర్యాదగా గొడుగులమ్మ అసలు పేరు చెప్పాడు.

"మా ఆవిడండీ. అలిగి వచ్చేసింది. ఇటువైపే ఎక్కడో లైసెన్సు తీసుకుందని చుట్టాలన్నారు. అడ్రసు చూసుకుంటాను."

చెప్పకూడదండీ అనే హక్కు తాళంకప్పకు ఆ పొద్దుటితోనే పోయింది. బతుకులో మొదటిసారి అబద్ధం వెతుక్కున్నాడు.

"ఆ కట్టకు మందు కొట్టాం. ఆరాలి. భోజనాలయ్యాక రండి."

"ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి, భోజనాల దాకా ఆగలేనా!" అని నవ్వి, ఆ మనిషి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కిటికీ మీంచి చూపు తిప్పలేదు.

భోజనాల వేళ తాళంకప్ప వెనక తలుపులోంచి జారుకున్నాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, సందుల్లో పడి పరిగెత్తాడు. గొడుగులమ్మ గడప ముందు ఎప్పటిలాగే మగవాళ్ళ చెప్పుల జత ఉంది. పెద్ద పాదాలవాడివి. ఆ చెప్పులవాడి గురించి వీధి అల్లని కథ లేదు. పగలు నిద్రపోయి రాత్రిళ్ళు తిరుగుతాడని కొందరు, ఆరడుగుల పైలవానని కొందరు. అలాంటివాడెవడూ లేడనీ, ఒంటరి ఆడది దొంగచూపులకు వేసిన కంచె అదనీ తెలిసినవాడు ఈయనొక్కడే. అదీ ఎవరికీ చెప్పలేదు.

కిటికీ సంగతీ, తెల్లచొక్కా మనిషి సంగతీ గడప దాటకుండానే చెప్పేశాడు. ఆవిడ చేతిలోని గొడుగు ఊచ కిందపడింది.

"కిటికీ సంగతి మీకెప్పుడు తెలిసింది, ఆఫీసుగారూ?"

"నెలయిందమ్మా."

"రోజూ ఇటే వెళ్ళారుగా."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతిపెట్టె లాగి రెండు చీరలు కుక్కింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన బరువైనదేదో తీసి చీరల మధ్య పెట్టింది.

"అది ఉందిగా," అన్నాడాయన, ఏదో ఒకటి అనాలి కనుక.

"ఉంది. నా చేతులతో దాన్ని పేల్చే రోజు రాకూడదనే కదండీ ఇన్నేళ్ళూ దాక్కున్నది!" పెట్టె మూత నొక్కుతూ అంది. "మీ నోరు గట్టిదని ధైర్యంగా నిద్రపోయేదాన్ని. నాకు కూడా చెప్పనంత గట్టిదనుకోలేదు."

గదికి తాళం వేసింది. వెనక సందులోంచి బస్సుల వైపు వెళ్ళిపోయింది. మలుపు తిరిగే ముందు ఆగుతుందేమోనని చూశాడు. ఆగలేదు. ఏ ఊరని అడగాలని గొంతుదాకా వచ్చింది. తెలిస్తే మళ్ళీ దాచాల్సివస్తుందని అడగలేదు.

మధ్యాహ్నం తెల్లచొక్కా మనిషి చెప్పిన వేళకే వచ్చాడు. కాగితం చింపేద్దామని తాళంకప్ప చెయ్యి కట్ట దాకా వెళ్ళింది, చింపడం చేతగాక వెనక్కి వచ్చింది. ముడి మళ్ళీ పళ్ళతోనే విప్పాడు. ఆ మనిషి అడ్రసు ఒకసారి చదివాడు. రాసుకోను కూడా రాసుకోలేదు. "చాలా థాంక్సండీ," అని చేతులు జోడించి వెళ్ళాడు. తరువాత ఇంకెందరో వచ్చారు, చూసుకున్నారు, కొందరు నిట్టూర్చారు, కొందరు బిక్కమొహాలతో ఇంటిదారి పట్టారు. ఎవరినీ ఆయన ఆపలేదు.

సాయంత్రం సన్నగా చినుకులు పడుతుండగా ఇంటికి బయల్దేరాడు. గొడుగులమ్మ గది తలుపు బార్లా తీసి ఉంది. గొళ్ళెం ఊడి మేకుకు వేళ్ళాడుతోంది. లోపల గొడుగులన్నీ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఎదురింటామె గుమ్మంలోంచి కేకేసింది. "ఎవడో వచ్చి తలుపు తన్ని, లోపల ఎవరూ లేరని చూసి పోయాడండీ! అయినా అంత గోలవుతుంటే ఆ చెప్పులాయన ఎక్కడ చచ్చాడండీ?"

ఆయన గడప వైపు వంగి చూశాడు.

గడప పక్కన ఆ చెప్పులు అలాగే ఉన్నాయి. ఒకటి ఎవరి కాలో తగిలి బోర్లా పడింది, దాని అడుగున చెప్పులకొట్టువాడు అంటించిన నంబరు చీటీ చెక్కుచెదరలేదు. రెండోది వెల్లకిలా ఉండి, ఏ పాదమూ ఎన్నడూ తొక్కని దాని గుంటలో వాన నీళ్ళు నిండుతున్నాయి.