గొట్టంలో మనిషి లేడు

ల్యాబక్క అంటే ఆ ఆసుపత్రిలో అందరికీ కాస్త హడలే. జనం ముక్కుల్లోంచి తీసిన దూదిపుల్లల్ని పరీక్షించి ఏ వైరస్ ఉందో చెప్పడం ఆవిడ పని. కోపమూ ముక్కు మీదే ఉంటుంది. పుల్ల వేసిన గొట్టం మూత వదులుగా పెట్టినా, పేరు చీటీ వంకరగా అంటించినా పై అంతస్తు నర్సులకి ఫోన్లో చీవాట్లు పడాల్సిందే.

ఆ పొద్దున మిషన్ తెర చూసి ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. పుల్ల మీద వైరస్ ఉందా అని చూడటంతో పాటు, అసలా పుల్ల ఏ మనిషి ముక్కులోకైనా వెళ్ళొచ్చిందా అని కూడా మిషన్ చూస్తుంది. మనిషి కణాలు కాసిని అంటుకుని ఉంటే చాలు, ఆకుపచ్చ గీత ఒకటి పైకి లేస్తుంది. ఎంత మొండి ముక్కుకైనా అది లేచి తీరాలి. ఈ గొట్టానికి మాత్రం ఆ గీత చలనం లేకుండా పడి ఉంది.

ల్యాబక్క ఫోనందుకుంది.

"ఏమ్మా సిస్టరూ, పుల్ల పంపావు, బానే ఉంది. మనిషిని పంపడం మర్చిపోయావా?"

"ఏంటక్కా?"

"గొట్టంలో మనిషి లేడు తల్లీ! పుల్లని కవర్లోంచి తీసి నేరుగా అందులో వేశారు. ఎవరి నిర్వాకం ఇది?"

"తాతగారే పుల్ల తీసుకుని పెట్టుకున్నారక్కా. నేను పెడితే తుమ్ములొస్తాయట. ఎదురుగానే నిలబడ్డాను. పక్క గదిలో ఆవిడ పిలిస్తే ఒక్కసారి అటు తిరిగాను, అంతే."

"ఏ తాతగారు?"

"అదే, మన బామ్మగారి భర్త."

ల్యాబక్క కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ బామ్మగారి సంగతి తెలియని వాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు. ఆవిడకి చిన్నప్పటి నుంచీ వినబడదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట తెలుసుకుంటుంది. ఫ్లూ అని తేలాక ఆవిడని విడిగా గదిలో పెట్టారు. ఆ గదిలోకి ఎవరెళ్ళినా మాస్కుతోనే వెళ్ళాలి. పాపం, ఆవిడకి వచ్చేవాళ్ళంతా నోరు లేనివాళ్ళే అయిపోయారు. కాగితం మీద రాసి చూపిస్తే మొహం తిప్పేసుకుంది. అన్నం ముట్టడం లేదు, ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ గొట్టం పీకి పారేస్తోంది. ఆ వెనకే తాతగారికీ జ్వరం వచ్చి, వేరే గదిలో చేరాడు. ఇద్దరికీ ఒకే వైరస్ ఉంటే ఒకే గదిలో పెట్టొచ్చు, ఒకరి ఎదుట ఒకరికి మాస్కు అక్కర్లేదు. వేరే వైరస్ అయినా, ఏదీ లేకపోయినా ఆయన ఆవిడ గుమ్మం తొక్కడానికి వీల్లేదు.

ల్యాబక్క గౌను తొడుక్కుని, మాస్కు పెట్టుకుని, కొత్త పుల్ల తీసుకుని తనే పైకి వెళ్ళింది.

తాతగారు బతుకంతా బస్సు నడిపిన మనిషి. మంచం మీద బుద్ధిగా కూర్చున్నాడు.

"పుల్ల ముక్కులో పెట్టుకున్నారా తాతగారూ?"

"పెట్టుకున్నానమ్మా."

"ఎవరి ముక్కులో?"

తాతగారు ఫ్యాను వైపు చూశాడు. "మిషన్‌కి తెలిసిపోతుందా?"

"తెలియకేం? మీరు లేరంది."

"ఉన్నాను కదమ్మా, ఇక్కడే!" అని ఆయన గొంతు తగ్గించాడు. "లేదని వస్తే మా ఆవిడ దగ్గరికి పోనివ్వరట. పరీక్షే జరక్కపోతే లేదని ఎవరూ అనలేరు కదా అనుకున్నాను."

"మరి ఉందని కూడా ఎవరూ అనలేరు కదండీ!"

"ఆ సంగతి మూత బిగించాక తట్టిందమ్మా."

ల్యాబక్కకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తాతగారు ఆవిడ గౌను అంచు పట్టుకున్నాడు. "లోకం ఏమంటోందో మా ఆవిడ నా మొహం చూసే తెలుసుకుంది ఇన్నాళ్ళూ. నువ్వే ఉందని రాసెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది."

"రాయను. లేకుండా ఉందని రాస్తే ఆవిడది మీకు అంటుకుంటుంది. మీరు మంచాన పడితే ఆవిడకి దిక్కెవరు?"

తాతగారు తనే మాస్కు కిందికి లాగి, తల వెనక్కి వాల్చి, ముక్కు ఆవిడకి అప్పజెప్పాడు. ఆవిడ పుల్లని లోపలి దాకా పోనిచ్చి తిప్పింది. ఆయన కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి గానీ కిక్కురుమనలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ల్యాబక్క ఎప్పుడూ వైరస్ లేదని వస్తేనే సంతోషించింది. ఆ రోజు మాత్రం మిషన్ ముందు కూర్చుని, ఒక ముసలాయనకి ఫ్లూ ఉండాలని కోరుకుంది. సిగ్గేసింది, అయినా కోరుకుంది. టీ తెచ్చుకుని తాగడం మరిచిపోయింది. ముందు ఆకుపచ్చ గీత లేచింది. హమ్మయ్య, ఈసారి మనిషి ఉన్నాడు. దాని కింద మిగతా వైరస్‌ల గీతలన్నీ బద్ధకంగా పడుకునే ఉన్నాయి. ఫ్లూ గీత నారింజ రంగుది. అదీ పడుకునే ఉంది. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. కాసేపటికి నారింజ గీత చివర కొద్దిగా వంగినట్టనిపించింది. కళ్ళు మోసం చేస్తున్నాయేమో అనుకునేలోపే అది నిటారుగా పైకి పోయింది.

"వచ్చిందే!" అని ల్యాబక్క ఫోన్లో అరిచింది. "బామ్మగారి ఫ్లూయే! డాక్టరుగారికి చెప్పు, మంచం కదిలించండి!"

అవతల వార్డంతా చప్పట్లు. ఫ్లూ వచ్చినందుకు అభినందనలు అందుకున్న మనిషి ఆ ఆసుపత్రిలో అంతకు ముందు లేడు.

బామ్మగారి గది తలుపుకున్న అద్దంలోంచి చూడటానికి ల్యాబక్క కూడా వెళ్ళి నర్సు పక్కన నిలబడింది. లోపల తాతగారు భార్య ఎదురుగా మంచం అంచున కూర్చుని మాస్కు తీసేసి ఏదో అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్న బామ్మగారు, ఆయన చెయ్యి తగలగానే ఇటు తిరిగి, ఆయన మొహంలోకి కళ్ళు చికిలించి చూసింది. తర్వాత బయటికి కూడా వినబడేలా కేకేసింది.

"ఏమిటండీ ఆ మీసం! నేను జ్వరంతో పడుకుంటే కత్తిరించే దిక్కు లేక పెదవంతా కప్పేసింది. ఒక్క మాట కనబడి చస్తేనా! కత్తెర తెమ్మనండి."

నర్సు కట్లు కోసే కత్తెర పట్టుకుని పరిగెత్తింది. బామ్మగారు లేచి కూర్చుని, ఒక చేత్తో మొగుడి గడ్డం పట్టుకుని, రెండో చేత్తో మీసం సరిచేసింది. తాతగారు పెదాలు తుడుచుకుని మళ్ళీ చెప్పాడు. వాళ్ళ మధ్య గొంతుతో పనేముంది, అద్దం ఇవతలికి ఒక్క ముక్క వినబడలేదు. బామ్మగారు ఆ పెదాలనే చూస్తూ పకపకా నవ్వింది. ఆయన వేలు పెట్టి అన్నం పళ్ళెం చూపిస్తూ ఇంకా ఏదేదో చెబుతూనే ఉన్నాడు.

"సరేలెండి, తింటాను," అంది ఆవిడ. "మీరు మాత్రం అటు తిరక్కండి."